నేను కొట్టించిన చెరుకు

మా ఊరు ఎడపల్లి దాటి బోధన్ పోయే దారిలో ఉంటుంది. పేరు చెప్పను. చెబితే మా వాడకట్టు ఆడవాళ్లు ఎవరితోనైనా ఇది చదివించుకుని, నన్ను మళ్లీ మొదటి నుంచి తిట్టడం మొదలుపెడతారు. అప్పుడు తిన్న తిట్లే నాకింకా అరగలేదు.

బోధన్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఒక రేకుల కప్పు కింద నేను దస్తావేజులు, అర్జీలు రాసి బతికేవాణ్ని. అందరూ రైటర్ సాబ్ అనేవారు. నా అర్జీ 'మహారాజశ్రీ'తో మొదలై 'చిత్తగించవలెను'తో ముగిసేది. ఈ రెంటికీ నడుమ అసలు సంగతి ఎక్కడో ఒకచోట ఉండేది. అది వెతికి పట్టుకోవడం ఆఫీసర్ల పని, జీతం ఇచ్చేది దానికే కదా అని నా నమ్మకం.

నా భార్య ఏడో తరగతి దాకా చదివింది. వంట కాగానే మా ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేది. వాడకట్టు ఆడవాళ్లు ఏడెనిమిది మంది తమ చాటలు తెచ్చుకుని చుట్టూ చేరేవారు. చేతులు ఒక్కచోటే ఉండేవి, నోళ్లు మాత్రం ఊరంతా తిరిగి వచ్చేవి. ఆ గుంపులో అందరికంటే పెద్దది ఒక ముసలామె. కంటిచూపు మందగించినా వేళ్ల చూపు తగ్గలేదు. వాడకట్టు మొత్తానికి ఆమె అవ్వ.

తొంభైల నడుమ జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు పోయింది. పెద్దమనుషులు నాలుగు రోజులు చావింటికి వచ్చినవాళ్లలాగా తలలు వంచుకుని తిరిగారు. ఐదో రోజు నా దగ్గరికి వచ్చారు.

"రైటర్ సాబ్, మీ ఇంటామెను నిలవెట్టు. పేరు ఆమెది, పని నీది. కాయిదాలు తెల్సినోడివి నువ్వొక్కడివే ఉన్నవ్," అన్నారు.

నేను అక్కడికక్కడే ఒప్పేసుకున్నాను. ఆమెను అడగాలన్న సంగతి వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయాక గుర్తొచ్చింది. అరుగు మీదికి వెళ్లి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న బీడీకి దారం కట్టి, కొస తెంపి, అప్పుడు తలెత్తింది.

"నేను నిలవడ్త. కని ఏం చేస్తమని చెప్పాల్నో నేనే చెప్త."

అప్పటికే నేను కరపత్రం రాసేశాను. అందులో పదకొండు వాగ్దానాలు ఉన్నాయి. డిగ్రీ కాలేజీ ఉంది, బస్ డిపో ఉంది, పశువుల ఆసుపత్రి ఉంది. ఓడరేవు ఒక్కటే రాయలేదు. ఆమె నా జేబులోంచి పెన్ను తీసుకుని పది కొట్టేసి, ఒక్కటి ఉంచింది. ఆడవాళ్లకు పాయఖానాలు.

"గీ ఒక్కటి జేస్తె చాలు," అంది.

ఇక్కడ మా వాడకట్టు సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో తప్ప ఆ వాడలో ఎవరింట్లోనూ పాయఖానా లేదు. మాది మా బాపు కట్టించింది. ఇంటికి వచ్చిన చుట్టాలకు నేను దాన్ని దేవుడి గది కంటే ముందు చూపించేవాణ్ని. మిగతా మగవాళ్లకు కాలువ గట్టు ఉంది. ఆడవాళ్లకు వాడ వెనక పటేల్ చెరుకు తోట ఉంది, ఆరెకరాలు. తెల్లారకముందు ఒకసారి, పొద్దు మునిగాక ఒకసారి. ఆ రెండు వేళల్లో మగవాడెవడూ ఆ తోట గట్టు తొక్కడు. పటేల్ తన తోటకు తాను నీళ్లు కట్టాలన్నా దూరం నుంచే గట్టిగా పాట ఎత్తుకుని వచ్చేవాడు. ఆయన పాట విని అక్కడ ఎవరూ నిలవలేరు కాబట్టి పద్ధతి బాగానే నడిచేది.

చెరుకు నిలబడి ఉన్నన్నాళ్లు పరవాలేదు. చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వచ్చి తోట కొట్టేస్తే మాత్రం, వాడ వెనక గోడల నుంచి బోధన్ రోడ్డు దాకా బోడి నేల. రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి మా దండెం మీది బట్టలు కూడా కనిపించేవి. మళ్లీ మనిషెత్తు పైరు లేచేదాకా ఆడవాళ్లు ఎక్కడో దూరాన తుమ్మల్లోకి పోవాలి. అందుకే చెరుకు కొట్టాక మా వాడలోకి కొత్తకోడలిని కాపురానికి తెచ్చేవారు కాదు. ముహూర్తం ఎంత గట్టిదైనా "తోట లేవనియ్యి, అప్పుడు తోల్కపోతం" అని వియ్యంకులకు కబురు పెట్టేవారు. ఆ వాడలో ఎన్నో పెళ్లిళ్లకు లగ్నపత్రికలు నా చేత్తోనే రాశాను. ఈ తోట మాట ప్రతిసారీ విన్నాను. పంట డబ్బులు చేతికి రావాలని ఆగుతున్నారేమో అనుకున్నాను. పంట పటేల్‌ది అయితే డబ్బులు వీళ్లకెందుకు వస్తాయని ఒక్కసారైనా ఆలోచించలేదు. అంతటి తెలివైనవాణ్ని నేను.

ఆమె గెలిచింది. ఊరంతా నన్ను సర్పంచ్ సాబ్ అనడం మొదలుపెట్టింది. నేను ఒక తెల్ల జుబ్బా కుట్టించుకున్నాను. మండలాఫీసులో మొదటి మీటింగుకు ఇద్దరం కలిసే వెళ్లాం. మిగతా ఆడ సర్పంచుల భర్తలు లోపల కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, భార్యలు వరండాలో బల్ల మీద కూర్చుని తల దువ్వుకుంటున్నారు. మా ఊరి పేరు పిలవగానే నేను లేచాను. నేను చెప్పులు సర్దుకునేలోపు ఆమె లోపలికి వెళ్లి కూర్చుంది. మా ఊరికి ఉన్నది ఒక్కటే కుర్చీ. మీటింగు అంతా నేను కిటికీలోంచి చూశాను, జుబ్బాతో సహా.

అయినా రాత నా చేతిలో ఉంది కదా అనుకున్నాను. పాయఖానాల కోసం వరసగా మూడు అర్జీలు రాసి పంపాను, ఒక్కొక్కటి ఐదు పేజీలు. జవాబు లేదు. చివరికి ఆమె తానే పోయి మండలాఫీసర్‌ను అడిగింది.

"మీ ఊరి నుంచి అర్జీలు వచ్చినయమ్మా. గుడి బాగుచేయిస్తమని రాసిండ్రు గద. అది మా దాంట్లకు రాదు," అన్నాడాయన.

పెద్ద ఆఫీసర్‌కు పంపే కాగితంలో పాయఖానా అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. 'స్త్రీజనుల నిత్యకృత్య మందిరములు' అని రాశాను. మందిరం అన్న మాట చూసి ఆయన దండం పెట్టుకుని పక్కన పెట్టేశాడట.

ఆ తరువాత ఆమె నన్ను అర్జీ రాయమని అడగలేదు. ప్రతి సోమవారం చాట పట్టుకుని, నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మండలాఫీసుకు పోయేది. వరండాలో కూర్చుని అందరూ బీడీలు చుట్టేవారు. ఇదేంటని అడిగితే, "మా పని మేం చేస్తున్నం సార్. మీ పని మీరు చెయ్యుండ్రి," అనేది. తంబాకు ఘాటుకు గుమాస్తాలు తుమ్మీ తుమ్మీ ఫైళ్లు తడిపేశారు. నాలుగు నెలలకు మంజూరు వచ్చింది. పాత బందెల దొడ్డి స్థలంలో పది గదులు, నీళ్ల తొట్టి. పశువులను కట్టేసే చోట పాయఖానాలా అని పెద్దమనుషులు నొచ్చుకున్నారు. కానీ తమ ఇళ్ల పక్కన స్థలం ఇస్తామని ఎవరూ అనలేదు.

పని మొదలైంది. గోడలు తల ఎత్తుకు లేచాయి. అక్కడ ఆగిపోయాయి. ఇంజనీరు వచ్చి కొలిస్తే గానీ మేస్త్రీ పైకప్పు వేయడు, ఇంజనీరు "రేపు" అంటాడు. ఇంతలో ఫ్యాక్టరీలో గానుగ సీజన్ మొదలై, సైరన్ కూత మా ఊరి దాకా వినిపించింది. చెరుకు బండ్లు రోడ్డు మీద బారులు తీరాయి. ఒక్కొక్క రైతుకు కటింగ్ ఆర్డర్లు రాసాగాయి.

ఇప్పుడు నా భార్య ఒక పని చేసింది. అది నాకు అప్పుడు తెలియదు. మీకు మాత్రం ముందే చెప్పేస్తాను, లేకపోతే నేను చేసిన పని గొప్పతనం మీకు అంతుబట్టదు. ఊళ్ల మీద తిరిగి ఏ తోట ఎప్పుడు కొట్టాలో చూసే ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్‌ను ఆమె ఒంటరిగా కలిసింది. పటేల్ తోటను అందరికంటే చివర పెట్టమని అడిగింది. లోకమంతా తమ చెరుకు ముందు కొట్టమని అతని వెంటపడుతుంటే, వెనక్కి పెట్టమని అడిగినవాళ్లు అతనికి అప్పటిదాకా తగల్లేదట. ఎందుకని అడిగాడు. ఆమె నేల చూస్తూ చెప్పింది. అతనూ నేల చూస్తూ విన్నాడు. "మా ఊళ్ల గూడ గంతే అక్కా," అని పేరు కిందికి రాసుకున్నాడు. పాయఖానాలు పూర్తయ్యేదాకా తోట నిలబడాలి. అంతే ఆమె లెక్క. ఆ మాట ఆడవాళ్లకు తెలుసు. మగవాళ్లతో చెప్పుకునే సంగతి కాదు కాబట్టి మగవాళ్లకు తెలియదు, కట్టుకున్న మగవాడితో సహా.

అప్పుడే నిజామాబాద్‌లో సర్పంచులకు మూడు రోజుల శిక్షణ అన్నారు. ఈసారి భర్తలు రావద్దని కాగితం మీదే రాశారు. ఆమె వెళ్లడానికి వారం ముందు, అరుగు ఖాళీగా ఉన్న పూట పటేల్ మా ఇంటికి వచ్చాడు. ఆయన నా కంటే పెద్దవాడు, ఊళ్లో పసుపు, వరి, చెరుకు మూడూ పండించేవాడు. అలాంటి మనిషి కండువా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సర్పంచ్ సాబ్, అందరికి ఆర్డర్ వచ్చింది. నాకే రాలే. చెరుకు పూత వట్టింది, ఎండుతున్నది. నువ్వొక మాట రాస్తె అయితది."

సర్పంచ్ సాబ్ అని, పని చేసిపెట్టమని నన్ను, నన్నే, ఒకరు అడగడం అదే మొదలు. నాకు ఛాతీ జుబ్బాలో పట్టలేదు.

మా ఇంట్లో పంచాయతీ లెటర్ ప్యాడ్ ఉండేది. అందులో ఇరవై కాగితాల మీద అడుగున ఆమె సంతకాలు ముందే పెట్టించి ఉంచాను. ఆమె ఇంట్లో లేనప్పుడు ఎవరైనా నివాస పత్రం కోసం వస్తే ఆగకూడదని. భార్య సర్పంచ్ అయిన ప్రతి ఇంట్లో ఆ రోజుల్లో అలాంటి కట్ట ఒకటి ఉండేది. అందులోంచి ఒకటి చింపి, నా జీవితంలోనే గొప్ప అర్జీ రాశాను. ఫీల్డ్‌మన్ లాంటి చిన్న మనిషి దగ్గరికి పోవడం నాకు తగదని, స్కూటర్ వేసుకుని నేరుగా ఫ్యాక్టరీలో కేన్ ఆఫీసర్ దగ్గరికే పోయాను. ఆయన చదివాడు.

"ఇక్షుదండములు అంటే ఏంటండీ?"

"చెరుకు గడలు సార్."

"మరి చెరుకు అని రాయొచ్చు కదా," అన్నాడు. మంచి మనిషే. సర్పంచ్ మేడమ్ ఒక రైతు కోసం ఇంతగా రాసిందంటే కాదనలేనని ఆర్డర్ ఇచ్చేశాడు. ఇంట్లో చెప్పలేదు. శిక్షణ నుంచి రాగానే చూపించి ఆశ్చర్యపరచాలనుకున్నాను.

ఆమె నిజామాబాద్ బస్సెక్కిన పొద్దునే చెరుకు కొట్టే గుంపు దిగింది. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్లు. మరాఠీలో ఒకరినొకరు కేకేసుకుంటూ కొడవళ్లతో వాడకట్టు వైపు నుంచే మొదలుపెట్టారు. నేను పనికి పోకుండా గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డాను. సాయంత్రానికి వాడ వైపు ఎకరన్నర బోడిదైంది. పటేల్ నాకొక గడల కట్ట పంపాడు.

పొద్దు మునిగే వేళకు వాడకట్టు ఆడవాళ్లు మా ఇంటి ముందుకొచ్చారు. అందరి చేతుల్లోనూ చెంబులున్నాయి. ముందు అవ్వ ఉంది.

"రైటర్ సాబూ, తోట కొడ్తున్నరు బిడ్డా. మీ ఇంటామె జూస్తె ఊళ్లె లేదాయె. నువ్వన్న పోయి జర ఆపియ్యరాదు."

"ఆపుడేంది అవ్వా," అన్నాను, చెరుకు ముక్క నములుతూ. "కొట్టిచ్చిందే నేను."

అవ్వ నా ముఖం వైపు చాలాసేపు చూసింది. తరువాత అందరూ వెనక్కి తిరిగి పోయారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. మాట రానంత మెచ్చుకోలు.

మూడో రోజు సాయంత్రం నా భార్య బస్సులో వచ్చింది. బస్సు కిటికీలోంచే ఆమెకు మా వాడ వెనక గోడలు కనిపించాయట. ఇంటికి వచ్చి సంచి కూడా దించలేదు.

"పటేల్ తోటకు ఆర్డర్ ఎట్ల వచ్చింది?"

నేను అర్జీ నకలు తెచ్చి ఇచ్చాను. ఏ ముక్క దగ్గర ఆగి మెచ్చుకుంటుందో అని పక్కనే నిలబడ్డాను. ఆమె నిలబడే మొత్తం చదివింది.

"సంతకం నాదే," అంది. "నేనే రాసిన్నంటరు ఇగ అందరు."

అప్పుడు చెప్పింది నాకు. ఫీల్డ్‌మన్ సంగతి, పైకప్పు లేని గోడల సంగతి, తోట లేవకుండా కోడళ్లను ఎందుకు తేరో ఆ సంగతి. గొంతు పెంచలేదు. కళ్లలో నీళ్లు మాత్రం ఉన్నాయి. "ఒక్కటే చేస్తనని ఓట్లడిగిన. ఒక్కటంటె ఒక్కటే. గా ముసలామె చెంబు వట్టుకొని యాడికి పోవాలె చెప్పు," అంది. నాకు సిగ్గేసింది. నా జన్మలో అంత సిగ్గు అంతకుముందు పడలేదు, అర్జీల్లో తప్ప ఎక్కడా వాడని 'క్షంతవ్యుడను' అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె లోపలికి వెళ్లి మా పాయఖానా తాళంచెవి తెచ్చి అరుగు స్తంభానికి ఉన్న మేకుకు తగిలించింది.

"ఇయ్యాల్టి సంది ఇది వాడకట్టుది. పొద్దుగాల, మాపటికి. నువ్వు కాలువకు పో."

మరునాడు పొద్దున లేచేసరికి మా వాకిట్లోంచి వీధి మలుపు దాకా వరస ఉంది. నలభై మందికి తక్కువ లేరు. పదేళ్లుగా ఎవరికీ తలుపు తీయని మా బాపు కట్టడం ముందు వాడకట్టు ఆడవాళ్లంతా చెంబులతో నిలబడి ఉన్నారు. మాతోనే ఉండే మా అమ్మ, కొడుకు ఇల్లు కదా అని ముందుకు వెళ్లబోతే, అవ్వ చెంబు అడ్డం పెట్టి, "లైన్ల నిలవడు," అంది. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నేను కాలువ గట్టుకు పోయాను. జుబ్బా వేసుకోలేదు. అక్కడ ఊరి మగవాళ్లు ఎవరి దూరంలో వాళ్లు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి మర్యాద కొద్దీ లేవబోయి, లేవలేక, కూర్చునే నమస్కారం పెట్టారు. రెండో రోజు నుంచి పింఛన్ల సంగతి, కరెంటు స్తంభం సంగతి అక్కడే అడగడం మొదలుపెట్టారు. ఒకాయన దరఖాస్తు కూడా తెచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు.

ఇంతే అయితే బతికిపోయేవాణ్ని. నలభై మందికి నీళ్లు కావాలి. బోరింగు దగ్గర నుంచి తొట్టికి నీళ్లు మోసే పని నాకు పడింది. అదీగాక మా బాపు తవ్వించిన గుంత ఐదుగురికి సరిపడేది. పదిహేను రోజులకే మొరాయించింది. ఆ తరువాత జరిగింది నేను రాయను, చదివేవాళ్లు అన్నం తిని ఉంటారు. గుంత ఖాళీ చేయించడానికి ఎడపల్లి నుంచి మనుషులను తెచ్చిన రోజున నా భార్య, తాళంచెవి తగిలించిన తరువాత మొదటిసారి, నాతో రెండు ముక్కలు మాట్లాడింది.

"ఇది ఎక్కువొద్దులు నడ్వది. ఇంజనీరు వచ్చి కొలిస్తె వారంల కప్పు వడ్తది. పో."

"అర్జీ రాయనా?"

ఆమె చూసిన చూపుకు నేను పెన్ను జేబులో పెట్టేశాను. లోపలి నుంచి ఒక చాట తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో తునికాకు, కత్తెర, కొలతకు పెట్టే రేకు ముక్క ఉన్నాయి. బీడీ చుట్టడం నాకు రాదు. ఆకు మీద రేకు పెట్టి కత్తిరించడం ఎవరికైనా వస్తుంది అంది. నాకు అది కూడా రాదని తరువాత తెలిసింది.

ఇంజనీరు ఆఫీసు బోధన్‌లో నేను కూర్చునే రేకుల కప్పుకు నాలుగు అడుగుల దూరం. ఆ వరండాలో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పదిహేనేళ్లుగా నాతో దస్తావేజులు రాయించుకున్నవాళ్లు, స్టాంపులమ్మేవాళ్లు, వకీళ్లు, ఒక్కొక్కరే ఆగి చూశారు. రైటర్ సాబ్‌కు ఏమైందని అడిగారు. ఏమీ కాలేదు, ఆకు కత్తిరిస్తున్నాను అన్నాను. "ఎందుకు?" అన్నారు. "పాయఖానాల కోసం," అన్నాను. ఆ మాట మొదటిసారి గొంతులో అడ్డం పడింది. పదోసారికి అలవాటైంది. సాయంత్రానికి బజారులో నిలబడి గట్టిగా అనగలిగాను. మూడు అర్జీల్లో రాయలేనిది ఒక్క పూటలో నూరుమందికి చెప్పాను.

మూడో రోజు ఇంజనీరు బయటికి వచ్చాడు. చాటలోకి చూశాడు.

"ఇవి ఏం కోసుడండీ? బీడీలకు పనికొస్తయా ఇవి?" అన్నాడు. వాళ్ల తల్లి కూడా బీడీలు చుట్టే మనిషేనని తరువాత తెలిసింది. నా పక్కన కూర్చుని రెండు ఆకులు కత్తిరించి చూపించాడు. తరువాత తన మోటారు సైకిల్ తీశాడు. నేను చాటతో వెనక కూర్చున్నాను.

గోడలు కొలవడం గంట పని. పైకప్పు వారంలో పడింది. తన ఆర్డర్ ఎందుకు ఆగిందో తెలిసి పటేల్ సిగ్గుపడి, అడగకుండానే తన ట్రాక్టర్‌లో ఇసుక తోలించాడు. తలుపులు పెట్టేసరికి మరో పది రోజులు పట్టింది. బోరింగు నుంచి తొట్టికి పైపు కూడా పడింది.

ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడొకాయన వచ్చాడు. పాయఖానాలకు మామిడాకులు కట్టారు. ఆయన రిబ్బన్ కత్తిరించి, మైకు పట్టుకుని, స్త్రీ జాతి గురించి మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ఎదురుగా చెంబులతో నిలబడి విన్నారు. ఉపన్యాసం దేశ స్వాతంత్ర్యం దాకా వచ్చేసరికి అవ్వ వరసలోంచి బయటికి వచ్చింది. నాయకుడి పక్కనుంచే నడిచి వెళ్లి, మొదటి గదిలోకి పోయి, గడియ పెట్టుకుంది. ఆ గడియ చప్పుడు మైకులో కూడా వినిపించింది. నాయకుడు రెండు మాటల్లో ముగించేశాడు. నేను రాసిచ్చిన స్వాగతోపన్యాసం చదవడానికి నాకు వంతు రాలేదు. ఆ రోజు అందుకు నాకు బాధ కలగలేదు.

నా భార్య ఐదేళ్లలో చాలా చేయించింది. వీధి దీపాలు, మురికి కాలువ, బడికి రెండు గదులు. తరువాత ఒకసారి మండలానికి కూడా గెలిచింది. వాటి గురించి అడిగితే ఊళ్లో లెక్కపెట్టి చెప్పగలరు. అవ్వ గడియ పెట్టుకున్న రోజు గురించి మాత్రం అడగకుండానే చెబుతారు.

ప్రారంభోత్సవం అయిన నాలుగైదు రోజులకు, ఒక మధ్యాహ్నం ఎండ వేళ, నేను ఇంట్లోనే ఉన్నాను. అరుగు మీద ఎప్పటిలాగే చాటలు నడుస్తున్నాయి. అవ్వ లోపలికి కేకేసింది.

"రైటర్ సాబూ, ఇన్ని నీళ్లియ్యరాదు బిడ్డా."

చెంబుతో ఇచ్చాను. ఆమె ఎత్తి పట్టుకుని గటగటా తాగింది. గదవ మీంచి కారి రవిక తడిసింది. ఇంకో చెంబు అడిగింది. అది చూసి పక్కామె అడిగింది, ఆ పక్కామె అడిగింది. నేను లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. కాసేపటికి మా కుండ అడుగు కనిపించింది.

పదిహేనేళ్లుగా ఈ ఆడవాళ్లు మా అరుగు మీదే పొద్దంతా కూర్చున్నారు. ఎండాకాలంలో నేనే ఎన్నోసార్లు మంచినీళ్లు కావాలా అని అడిగాను. "వద్దు బిడ్డా," అనేవారు. బీడీలు చుట్టేవాళ్లకు తంబాకు ఘాటు వల్ల దూప కాదని నాకు నేనే తేల్చుకుని, బోధన్‌లో నలుగురికి చెప్పాను కూడా.

"ఇన్నేండ్లు మీకు దూప కాలేదా అవ్వా?" అని అడిగాను.

"ఎందుకు కాదు," అంది అవ్వ, చెయ్యి ఆపకుండా. "తాగితె పోవాలె గద. పొద్దు మునుగాలె గద."

ఎవరూ తల ఎత్తలేదు. నా భార్య మాత్రం ఒకసారి నా వైపు చూసి, మళ్లీ చాటలోకి చూసుకుంది. నేను ఖాళీ బిందె భుజాన పెట్టుకుని బోరింగుకు పోయాను.